మెట్ల వీధి కొలత

సార్టింగ్ హాలు కాంటీన్ బల్ల మీద నుంచి,
సోమవారం, టీ వేళ

అక్కా,

గెలిచాం! ఫోన్‌లోనే చెప్పేద్దామనుకున్నాను గానీ, "ఉత్తరాలు విడదీసే ఉద్యోగం చేస్తూ సొంత అక్కకి ఒక్కటి రాయవురా, రాస్తే నా సంచిలో ఒకటి పెరుగుతుంది కదా" అని దెప్పుతావని కాగితం పట్టుకున్నాను. ఇదిగో, నీ సంచికి ఒకటి.

పార్ట్ టైమ్ పల్లె పోస్టు వాళ్ళ జీతాల మీద వేసిన కమిటీ చివరికి నోరు విప్పింది. రోజుకు నాలుగు గంటలకు పైగా పని ఉందని తేలితే జీతం పెరుగుతుంది, పెన్షన్ వస్తుంది, ఆస్పత్రి ఖర్చు డిపార్ట్‌మెంటే పెట్టుకుంటుంది. ఆపరేషన్లకు కూడా! నీకూ, బావకూ ఇద్దరికీ. నాలుగు గంటల లోపు వాళ్ళు మాత్రం ఇప్పుడున్నట్టే ఉంటారు. అది అన్యాయమే, దాని సంగతి తర్వాత చూస్తాం. నీకైతే ఆ బెంగ లేదు. పొద్దున బస్సు సంచి దించింది మొదలు దీపాలు పెట్టేదాకా నువ్వు ఆ పనిలోనే ఉంటావు.

పని ఎంతుందో ఎలా తేలుస్తారనుకున్నావు? ఒక తనిఖీ అధికారి వచ్చి, ఒక రోజంతా నువ్వు ఉత్తరాలు పంచే బీటు నీ వెంటే తిరుగుతాడు. వాచీ చూసి రాసుకుంటాడు. ఇది ఎవరి ఆలోచన? యూనియన్‌ది. యూనియన్‌లో ఎవరిది? నీ తమ్ముడిది! "మా పనిని ఆఫీసులో కూర్చుని అంచనా వెయ్యకండి, మా వెంట నడిచి కొలవండి" అని మహాసభలో నేనంటే చప్పట్లు ఆగలేదు. నీ మరదలు మాత్రం, అంత గొంతున్నవాడివి కూరగాయల సంచి కూడా మోయొచ్చు కదా అంది. ఇంట్లో నాకు దక్కే గౌరవం అది.

నీ తమ్ముడు

*

పోస్టాఫీసు నుంచి, అంటే మా ముందు గదిలోంచి,
వాన వెలిసిన రోజు

నాయకుడు గారికి,

తమరి ఉత్తరం అందింది. చప్పట్లు ఇక్కడిదాకా వినిపించాయి. మీ బావకు చదివి వినిపిస్తే, "మా పెళ్ళిలో కూడా అంతే కదా, బల్లలు మోసింది మేము, చెమట తుడుచుకుంది వాడు" అన్నాడు. అన్నాడు గానీ రెండోసారి కూడా చదివించుకున్నాడు.

మొన్నటి వానకు ఆఫీసు గోడ చెమ్మగిల్లింది. స్టాంపుల పెట్టెను తీసుకెళ్ళి మా మంచం మీద పెట్టాను. మీ బావ ఒక వారకు ఒత్తిగిలి పడుకుంటూ, నాకంటే దానికే మర్యాద ఎక్కువని గొణుగుతున్నాడు. బాగుచేయించమని పైకి రాస్తే, పార్ట్ టైమ్ ఆఫీసు గది బాధ్యత పార్ట్ టైమ్ ఉద్యోగిదేనని జవాబొచ్చింది. గోడ మాత్రం ఫుల్ టైమ్ కారుతోంది.

నా వెంట ఒక మనిషి నడిచి చూస్తాడంటే నాకు కాస్త సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. ఇన్నేళ్ళలో పైనుంచి ఎవరూ నా పని చూడలేదు. బజారు, మిల్లు క్వార్టర్లు, చివర్న కొండ మీది మెట్ల వీధి. పోస్టమ్మా ఇది చదువు, పోస్టమ్మా జవాబు రాసిపెట్టు, పోస్టమ్మా మందుల చీటీలో ఏముందో చూడు. అదంతా లెక్కలోకి వస్తుందా? రాకపోయినా నాలుగు గంటలు ఎక్కడికి పోతాయిలే.

ఒక మాట కనుక్కుని రాయి. ఆపరేషన్లంటే అన్నీనా? ఎముకలవీ అవీ కూడానా? ఎవరైనా అడిగితే చెప్పాలి కదా. ఇంకోటి, నడక సరిగా లేని వాళ్ళను ఏం చేస్తారు? పక్క ఊరి పోస్టాయన కొద్దిగా కుంటుతున్నాడు, పాపం. ఆయన కోసం అడుగుతున్నాను.

నేను బాగున్నాను.

అక్క

*

సార్టింగ్ హాలు,
డ్యూటీ మారే ముందు

అక్కా,

తొందరలో రాస్తున్నాను. ఆపరేషన్లు అన్నీ వస్తాయి, ఎముకలవి కూడా. కానీ కొలత తేలి, నాలుగు గంటలు దాటిందని ఆర్డరు చేతికొచ్చాకే.

పక్క ఊరాయనను మాత్రం జాగ్రత్తగా ఉండమని చెప్పు. కుంటుతున్నాడని అధికారి కంటబడితే వైద్య పరీక్షకు పంపుతారు. అందులో తప్పితే ఇంటికే. మాకైతే కూర్చుని చేసే పనిలోకి మారుస్తారు, పార్ట్ టైమ్ వాళ్ళకు అదేమీ లేదు. నడవగలిగితే ఉద్యోగం, లేకపోతే లేదు. ముందు కొలత గట్టెక్కనీ, ఆ తర్వాత కాలు చూపించుకోమను.

నీకేం, గుండ్రాయిలా ఉన్నావు. అధికారి ముందు బెదిరిపోకు. నీ పనేంటో చూపించు.

నీ తమ్ముడు

*

ముందు గది, గోడ ఆరింది,
ఎండ కాసిన వారం

తమ్ముడూ,

నీ అక్క పరువు నిలబెట్టింది!

అధికారి వచ్చి వెళ్ళాడు. మంచివాడు. బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. కొత్త బూట్లు వేసుకొచ్చాడు, బజారు దాటకముందే అవి కరవడం మొదలుపెట్టాయి. సంచి రాగానే ఆయన చూస్తుండగా ఉత్తరాలన్నీ ఇళ్ళ వరసలో పేర్చాను. "అడ్రసు చూడకుండానే పేరుస్తున్నారే!" అన్నాడు. చేతిరాతలు చూస్తే తెలిసిపోతుంది సార్ అన్నాను. ఇక నడక మొదలుపెట్టానంటే, ముందు నేను, వెనక ఆయన, ఆయన వెనక ఆయన గొడుగు. మిల్లు వెనక అడ్డదారిన తీసుకెళ్ళాను. "కొంచెం నెమ్మదమ్మా" అని ఆయనే అన్నాడు, అదీ రెండుసార్లు!

మెట్ల వీధి దగ్గరైతే నా కళ్ళు చెమ్మగిల్లాయి. మెట్ల మొదట్లో దర్జీ దుకాణం ఉంది కదా, ఆ దర్జీ నాకు చెప్పకుండా వీధంతా చాటేశాడు, పోస్టమ్మను చూడ్డానికి పెద్దాఫీసరు వస్తున్నాడని. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని దిగివచ్చి దుకాణం ముందు నిలబడ్డారు. కొండ చివరింట్లో ఉండే నర్సమ్మ, ఆస్పత్రిలో చేసి రిటైరైంది చూడు, ఆవిడ కూడా కర్ర పట్టుకుని దిగింది. ఎవరివి వాళ్ళకు చేతికిచ్చాను. అధికారి ఆశ్చర్యపోయి, "వీళ్ళు రోజూ ఇలాగే దిగి వస్తారా?" అన్నాడు. దర్జీ ఛాతీ విరుచుకుని, "రోజూనే సార్! మా పోస్టమ్మను మేం మెట్లెక్కనిస్తామా?" అన్నాడు. అందరూ అవునవునన్నారు.

మిల్లు భోజనం సైరన్ మోగకముందే బీటు ముగించేశాను. ఆయన బల్ల కింద బూట్లు విప్పుకుని, "ఇంత చురుగ్గా పనిచేసే మనిషిని ఈ చుట్టుపక్కల నేను చూడలేదమ్మా. మీ గురించి చాలా బాగా రాస్తాను" అన్నాడు. టీ ఇస్తే, డ్యూటీలో తాగకూడదని వద్దన్నాడు. బస్సెక్కేదాకా నిలబడే సాగనంపాను. ఆయన వెళ్ళాకే కూర్చున్నాను.

మహాసభలో ఈ ముక్క కూడా చెప్పు. ఈసారి చప్పట్లు నాకు.

అక్క

*

ఇంటి నుంచి,
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అంత సంతోషంగా రాశావు, అడగడానికి మనసొప్పడం లేదు. అయినా అడగక తప్పదు.

మిల్లు సైరన్‌కు ముందే బీటు ఎలా ముగిసింది? మెట్లు అసలు ఎక్కలేదా? ఒక్క ఇంటికి కూడానా? మన బీటులో పెద్ద ముక్క అదే కదక్కా. నేను వచ్చినప్పుడల్లా నువ్వు పైదాకా ఎక్కి, నర్సమ్మ గుమ్మంలో మంచినీళ్ళు తాగి దిగేదానివి. దర్జీ "రోజూనే" అన్నాడా? ఎప్పటి నుంచి? ఎందుకు? ఆ మాట అధికారి రాసుకున్నాడా?

నిన్న ఫోన్ చేస్తే "అంతా బాగుంది, సంచి వచ్చింది" అని పెట్టేశావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు. జవాబు రాయి.

తమ్ముడు

*

ముందు గది,
మబ్బు పట్టింది

తమ్ముడూ,

పక్క ఊరి పోస్టాయన కుంటడం లేదు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు. కుంటేది నేను.

పోయిన వానల్లో నర్సమ్మ ఇంటి దగ్గర్నుంచి దిగుతూ జారాను. సంచి తడవకూడదని దాన్ని పైకెత్తి పట్టుకున్నాను, మోకాలు రాతికి కొట్టుకుంది. సంచికేం కాలేదు. వాపు తగ్గుతుందిలే అని గుడ్డ కట్టుకుని తిరిగాను. తగ్గలేదు. డాక్టరు ఫోటో తీయించి చూసి, కీలు అరిగిపోయింది, మార్చాలి, ఇంతకంటే ఆలస్యం చేస్తే రెండోది కూడా పాడవుతుంది అన్నాడు. మార్చడానికి ఎంతవుతుందో కూడా చెప్పాడు. విని ఇంటికొచ్చేశాను. నీకు చెబితే నువ్వు ఊరుకోవు. నీ ఇంటి ఖర్చులే నీకు సరిపోవు, నాకు తెలియదా?

అప్పుడే దర్జీ చూశాడు నేను మెట్ల మీద ఆగి ఆగి ఎక్కడం. మర్నాటి నుంచి పైవాళ్ళ ఉత్తరాలన్నీ దుకాణంలోనే తీసుకుని, "నేనిస్తాలే పో" అనేవాడు. తర్వాత వాళ్ళే దిగివచ్చి తీసుకోవడం మొదలుపెట్టారు. నేను రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే నర్సమ్మ దగ్గర నొప్పి బిళ్ళలు తెప్పించుకుని వేసుకున్నాను. అంత వేగంగా ఎందుకు నడిచావని అడుగుతావేమో. నెమ్మదిగా నడిస్తే కుంటు కనబడుతుందిరా. వేగంగా నడిస్తే కనబడదు. ఇది కాలు బాగాలేనివాళ్ళకే తెలుస్తుంది. వైద్య పరీక్ష అని నువ్వు రాసినప్పటి నుంచి నాకు వేరే భయం లేదు, అదొక్కటే. గంటల సంగతి నేను ఆలోచించలేదు. దీపాలు పెట్టేదాకా చేసే పని నాలుగు గంటలు కూడా లేదని ఎవరైనా అంటారని నాకెలా తెలుస్తుంది?

నీ ఉత్తరం చదివాక గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. నేనూ, ఆ వీధి వాళ్ళూ, అందరం కలిసి మంచే చేశాం. ఎవరిని తిట్టుకోను?

నువ్వు యూనియన్‌లో పెద్ద మనిషివి. ఏమైనా చెయ్యి. చెయ్యగలవు కదా?

అక్క

*

యూనియన్ ఆఫీసు వరండా నుంచి,
చలి మొదలైంది

అక్కా,

ఆర్డరు నీకూ వచ్చి ఉంటుంది. మూడు గంటల పని అని తేల్చారు. మెట్ల వీధికి కింద దుకాణం దగ్గర అందజేస్తే సరిపోతుందట, చదివిపెట్టడం, రాసిపెట్టడం లెక్కలోకి రావట. పెన్షన్ లేదు, ఆస్పత్రి లేదు. కింద మాత్రం నువ్వు ఎంత సమర్థురాలివో పొగుడుతూ రాశాడు. ఆ పొగడ్త చదివి నాకు ఎక్కడైనా తల బాదుకోవాలనిపించింది.

ఆ అధికారిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన నిజంగానే మంచివాడక్కా. అదే నా ఖర్మ. నన్ను కూర్చోబెట్టి, "మీ అక్కగారి గురించి అందరికీ చెబుతున్నానండీ" అన్నాడు. నీ మోకాలి సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే వైద్య పరీక్ష, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆపరేషన్ పోతుంది. మహాసభలో అంత మాట్లాడిన నోరు అక్కడ పెగల్లేదు. థాంక్సండీ అని లేచి వచ్చాను. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

ఒక్క దారి ఉందని మా సెక్రటరీ అంటున్నాడు. మళ్ళీ కొలవమని దరఖాస్తు పెట్టాం. ఈసారి చెప్పకుండా వస్తారట. వచ్చినప్పుడు మెట్ల వీధిలో ప్రతి ఉత్తరం గుమ్మం దాకా వెళ్తూ కనబడితే ఆ వీధి మళ్ళీ బీటులో కలుస్తుంది, నాలుగు గంటలు దాటుతుంది. అంటే నువ్వు ఎక్కాలి. రోజూ. కుంటకుండా.

ఇది రాయాలా వద్దా అని వరండాలో చాలాసేపు కూర్చున్నాను. ఇక్కడికి వచ్చేయ్, ఎలాగో చూపిద్దామంటే, నీ బదులు పనిచేసే మనిషిని నువ్వే తెచ్చి పెడితే గానీ సెలవు ఇవ్వరు. నేనేం చెయ్యనక్కా? నువ్వే చెప్పు.

తమ్ముడు

*

ముందు గది,
పొగమంచు

తమ్ముడూ,

నువ్వు ఏడ్చుకుంటూ రాసినట్టున్నావు, మూలన సిరా అలుక్కుపోయింది. ముఖం కడుక్కో.

దర్జీకి సంగతంతా చెప్పాను. "రోజూనే సార్" అన్నది నేనే కదా అని కత్తెర అవతల పడేశాడు. నువ్వు అనకపోయినా మీరంతా దిగిరావడం ఆయన చూడనే చూశాడు కదా అని నచ్చజెప్పాను. వినలేదు. ఆ సాయంత్రమే వీధి వాళ్ళందరినీ దుకాణం ముందు కూర్చోబెట్టాడు. ఇక ఎవరూ కిందికి దిగి ఉత్తరం తీసుకోకూడదు, పోస్టమ్మ గుమ్మంలోకి వచ్చి ఇస్తేనే తీసుకోవాలి, ఆ అధికారి ఎప్పుడొచ్చినా అదే చూడాలి. అలా తీర్మానించారు. ఎవరూ కాదనలేదు. నర్సమ్మ ఒక్కతే, "దాని కాలు నాకు తెలుసు, ఇది నేను ఒప్పుకోను" అని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడ కూడా దిగలేదు.

మొదటి రోజు సంగతి చెప్పనా? నేను మెట్ల దగ్గరికి రాగానే దర్జీ తల వంచుకుని మిషన్ తొక్కుతున్నాడు. చూస్తే అందులో గుడ్డ లేదు, దారం లేదు. ఊరికే తొక్కుతున్నాడు. ఎక్కుతుంటే ప్రతి కిటికీలోనూ ఎవరో ఒకరు ఉన్నారు. మొదటి ఇంట్లో ఉండే మెకానిక్ వాళ్ళమ్మ గుమ్మంలో చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చుంది, చాపితే లేచి ఎదురొస్తానేమోనని ఆవిడ భయం. తలుపు కొట్టి ఇస్తే, నా ముఖం చూడకుండా తీసుకున్నారు. పైన నర్సమ్మకు ఒక్క కరెంటు బిల్లు. "ఈ ముక్క కోసం నిన్ను ఇంత దూరం ఎక్కించానా?" అని ఏడ్చింది. ఏడవకమ్మా, మంచినీళ్ళివ్వు అన్నాను.

ఎక్కడం ఫరవాలేదురా. దిగడమే ప్రాణం తీస్తోంది.

నాలుగో రోజో ఐదో రోజో మెట్ల మధ్యలో ఒక కుర్చీ కనబడింది. ఎవరు వేశారని అడిగితే ఎవరికీ తెలియదట. దర్జీ దుకాణంలో కస్టమర్లు కూర్చునే కుర్చీ అది, నేను ఎరగనా! ఇప్పుడు కస్టమర్లు నిలబడుతున్నారు. కుర్చీలో కూర్చుంటే అధికారి గంటలు తగ్గిస్తాడంటావా? కనుక్కో.

కొలత ఎప్పుడో కూడా కనుక్కో. కాస్త తొందరగా పెట్టమని అడుగు. రెండో మోకాలు కూడా రాత్రిళ్ళు పలకరిస్తోంది.

అక్క

*

సార్టింగ్ హాలు,
మధ్యాహ్నం

అక్కా,

ఎక్కొద్దు.

మళ్ళీ కొలతలు లేవు. దరఖాస్తులన్నీ ఒకేసారి తిప్పి పంపారు. వచ్చే కమిటీ వేసేదాకా ఇవే గంటలట. ఆ కమిటీ ఎప్పుడని అడిగితే మా సెక్రటరీ కిటికీలోంచి బయటికి చూశాడు. నీలాంటి వాళ్ళు ప్రతి బీటులోనూ ఉన్నారక్కా. బాగా పనిచేసి తక్కువ తేలినవాళ్ళు.

నిన్న ఫోన్ చేశాను. బావ తీశాడు. "మెట్ల మీద ఉంది, ఏమైనా చెప్పాలా?" అన్నాడు. ఏం లేదు బావా అన్నాను. నన్ను క్షమించు. నువ్వు ఎక్కుతున్నావని తెలిసి కూడా చెప్పలేకపోయాను.

మా వెంట నడిచి కొలవండి అన్నాను. నడిచారు. కొలిచారు.

ఈ ఉత్తరం నా చేత్తోనే మన ఊరి అరలో వేశాను. మళ్ళీ తీశాను. మళ్ళీ వేశాను.

తమ్ముడు

*

ముందు గది,
నీ ఉత్తరం సంచిలో వచ్చిన రోజే

తమ్ముడూ,

సంచి విప్పగానే పైన నీదే ఉంది. మిగతావి పేర్చకుండా ముందు అదే చదివాను. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చెయ్యలేదు.

నిన్ను నువ్వు తిట్టుకోకు. నువ్వు అడిగింది న్యాయమే. నాకు కోపం వస్తోంది గానీ అది నీ మీద కాదు. ఎవరి మీదో తెలిస్తే వెళ్ళి ఒక్క మాట అడిగి వచ్చేదాన్ని. ఉత్తరాలు మాత్రం మానకు. లెక్క కోసం కాదు, ఊరికే రాయి.

బీటుకు బయల్దేరి మెట్ల దగ్గరికి వచ్చాను. దర్జీతో చెప్పబోతే, తల ఎత్తకుండానే, "నాతో మాట్లాడకు పోస్టమ్మా, ఆ ఆఫీసరు ఎక్కడి నుంచి చూస్తున్నాడో ఏమో, ఎక్కు" అని మిషన్ ఇంకా గట్టిగా తొక్కాడు. చుట్టూ చూశాను. అందరూ కిటికీల్లోనే ఉన్నారు, ఒక్కరూ దిగడం లేదు. గుమ్మం గుమ్మానికీ ఇదే కథ చెప్పుకుంటూ పోలేననిపించింది. నర్సమ్మకు ఒక్కదానికి చెబితే ఆవిడే అందరికీ చెబుతుంది. అందుకని ఏ ఇంటి దగ్గరా ఆగకుండా ఎక్కాను. కుర్చీలో కూర్చున్నాను, మళ్ళీ ఎక్కాను. ఇక ఎక్కనక్కర్లేదని చెప్పడానికి కూడా నేనే ఎక్కాల్సి వచ్చింది.

నర్సమ్మ తలుపు తీసి చెయ్యి చాపింది. ఇవాళ మీకేమీ లేదమ్మా అన్నాను. "మరెందుకెక్కావే?" అంది. చెప్పాను. ఆవిడ కర్ర తీసుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని, దిగుదాం పద అంది. ఎవరు ఎవరిని దింపుతున్నామో తెలియకుండా ఇద్దరం దిగాం. మేం ఒక్కో ఇల్లు దాటుతుంటే ఒక్కో తలుపు తెరుచుకుంది. మా వెనకే అందరూ దిగారు.

మిషన్ చప్పుడు ఆగింది. దర్జీ మా ముఖాలు చూశాడు. లేచి వచ్చి, ఇదివరకటిలాగే నా ముందు రెండు చేతులూ చాపాడు. వీధి ఉత్తరాలన్నీ వాటిలో పెట్టేశాను.

అక్క